ఘాట్‌కోపర్‌ల దిగాల్సిన ముగ్గురం

నేను బోధన్‌ల ఇంటర్ పూర్తి చేసిన ఏడాది, చలికాలంల, బొంబాయిల ఉండే మా చిన్నమ్మకు బిడ్డ పుట్టింది. చిన్నమ్మ అంటే అవ్వకు, అంటే మా అమ్మకు, సొంత చెల్లె. అక్కడ ఒక కాన్పుల దవాఖానల ఆయా పని చేస్తుండె. పెండ్లయిన చాన ఏండ్లకు పుట్టిన బిడ్డ. అక్కా, నువ్వు వచ్చి చూడాలె అని కార్డు రాయించింది. రాసింది చిన్నాయన. ఆయన మరాఠీ మనిషి, తెలుగు రాదు, అందుకని హిందీల రాసిండు. నేను చదివి వినిపించిన. అవ్వ రొట్టె కొట్టుడు ఆపకుండనే విన్నది. రొట్టె పెనం మీద వేసి, "ఇంకోపారి సదువు" అన్నది.

అప్పటికి అక్కచెల్లెండ్లు మాట్లాడుకోక ఏండ్లయింది. అమ్మమ్మ చచ్చిపోయినప్పుడు చిన్నమ్మ మట్టికి రాలేదు. ఆ తర్వాత నలభై దినాల ప్రార్థనకు వస్తానని కబురు పంపితే, "అప్పుడు రానిది ఇప్పుడెందుకు" అని అవ్వ వద్దన్నది. అవ్వ కోపం బయటికి తిట్లుగ వచ్చేది కాదు. ఆ మనిషి పేరు ఎత్తుడు మానేస్తుండె, అంతే. చర్చిల ఆడోళ్లు నచ్చచెప్పచూస్తే, "సరే గని, గా పాట ఎత్తుకోండ్రి" అని మాట మార్చేది.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు బాపుతోని, "పోయొస్త" అన్నది. ఎక్కడికని బాపు అడగలేదు. ఆయన షుగర్ ఫ్యాక్టరీల సీజన్ పనికి పోతుండె. గానుగ నడిచే నెలలల్ల సెలవు దొరకదు. నా దిక్కు చూపించి, "దాన్ని తోల్కపో. దానికి హిందీ వస్తది" అన్నడు.

నాకు వచ్చిన హిందీ సగం బడిది, సగం బోధన్ బజార్ల ఉర్దూ. ఆ రెండూ కలిస్తే బొంబాయికి సరిపోతదని మా ఇంట్ల అందరికీ నమ్మకం. నాకు కూడా. అదివరకు నేను చూసిన పెద్ద ఊరంటే నిజామాబాదే. పసుపు కాలంల మార్కెట్ గంజ్‌కు బాపు వెంబడి పోయిన. ఒకరి కాలు ఒకరు తొక్కకుండ నడవరాని రద్దీ అంటే నా లెక్కల అది. ఇగ సీజన్ల మా ఊరి రోడ్డు ఎట్లాగూ ఉండె. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు నుంచి వరుస కట్టి, ఎడ్లను విప్పి, కిందనే వంట చేసుకుంటూ బండ్లోళ్లు ఎదురుచూస్తుండిరి. ఎండేసిన బట్టల మీద బూడిద పడుతుండె. చెరుకు మడ్డి వాసన అన్నంల కూడా వస్తుండె. నేను పుట్టినప్పటి నుంచి ఆ వాసనే గనక, నిజామాబాద్ దాటినంక గాలి చప్పగ అనిపించింది.

అవ్వ ఒక మూట కట్టింది. పసుపు, సొంటి, ఎల్లిపాయలు, నూనెల కాల్చిన గరిజెలు, అంటే కజ్జికాయలు, ఒక డబ్బా. పాత చీరెలు నాలుగు మడతలేసి బిడ్డకు బొంత కుట్టింది. కార్డు నా చేతిసంచిల పెట్టుకున్న. నిజామాబాద్‌ల చిన్న పట్టాల రైలెక్కి, బాసర, ధర్మాబాద్, నాందేడ్ దాటుకుంటూ మన్మాడ్‌ల దిగి, అక్కడ పెద్ద పట్టాల రైలుకు మారినం. ధర్మాబాద్ వచ్చినప్పుడు అవ్వ కిటికీల నుంచి చూసుకుంటూ కూసున్నది. అవ్వ పుట్టినూరు కందకుర్తి పక్కన. గోదారి అవతలి దిక్కు మరాఠీ ఊర్లే. చిన్నప్పుడు అమ్మమ్మ వెంబడి మిరపకాయల గంప ఎత్తుకోని ధర్మాబాద్ సంతకు పోయేదట. "గా చింతచెట్టు కింద కూసుంటుంటిమి" అని చూపించింది. రైలు అప్పటికే చెట్టు దాటింది.

కల్యాణ్ స్టేషన్‌ల చిన్నాయన మా కోసం నిలబడి ఉండె. సన్నటి మనిషి, చొక్కా జేబుల పెన్ను. మమ్మల్ని ఎన్నడూ చూడలేదు. అవ్వ నెత్తి మీది మూటను చూసి గుర్తుపట్టిండట. వంగి అవ్వ కాళ్లు మొక్కబోతే అవ్వ వెనకకు జరిగి, "బరే ఆహాత్ కా?" అన్నది. బాగున్నవా అని. ఆయన మొఖం విచ్చుకున్నది. అవ్వ మరాఠీ సంతల నేర్చుకున్న మరాఠీ. బేరమాడినట్టే ఉంటది. ఆయనకు అది కూడా నచ్చినట్టున్నది.

అక్కడి నుంచి లోకల్ రైలెక్కాలె. ఆడోళ్ల డబ్బా వేరు, మొగోళ్లది వేరు. మమ్మల్ని ఆడోళ్ల డబ్బా ఆగే చోట నిలబెట్టి చిన్నాయన నాకు హిందీల చెప్పిండు: "ఠాణే తర్వాత ఘాట్‌కోపర్. తలుపు దగ్గరనే నిలబడండి. లోపలికి పోవద్దు. దిగినంక కదలకుండ ఉండండి, నేనే వస్త." నేను అన్నిటికీ తలకాయ ఊపిన.

రైలు వచ్చింది. తలుపు దగ్గర నిలబడుడు మా చేతుల ఉన్న పని కాదని అప్పుడు తెలిసింది. నేను ఎక్కలేదు. నన్ను ఎక్కించిండ్రు. నా కాళ్లు నేల మీద ఉన్నయో లేదో చూసుకునేందుకు కూడా జాగ లేదు. అవ్వ నాకు చెయ్యి చాపినంత దూరంల ఉన్నది గని, మధ్యల నాలుగు భుజాలు. మూట ఆమె ఛాతీకి ఆనించుకున్నది. ఒకామె ఆ ఇరుకుల నిలబడే చిక్కుడుకాయలు తుంచి ప్లాస్టిక్ సంచిల వేసుకుంటున్నది. ఇంకొకామె కండ్లు మూసుకోని ప్రార్థన చదువుకుంటున్నది. ఒకరినొకరు ఒరుసుకోని నిలబడ్డా ఎవ్వరూ ఎవరి మొఖం చూస్తలేరు. మా దిక్కు బస్సుల ఇంత దగ్గర నిలబడితే ఏ ఊరు, ఎవరి బిడ్డవు అని అడగకుండ ఉండరు.

ఠాణేల రైలు ఆగంగనే మంద కదిలినట్టు అందరు ఒక్కపారి కదిలిండ్రు. నేను దిగొద్దనుకున్న. దిగేటోళ్ల మధ్యల పడ్డంక అనుకొని లాభం లేదు. ప్లాట్‌ఫాం మీద నన్ను వదిలిపెట్టి వాళ్లు వాళ్ల తొవ్వ పట్టుకోని పోయిండ్రు. తిరిగి ఎక్కుదామని తలుపు దిక్కు పోయేసరికి ఎక్కేటోళ్లు గోడ లెక్క నిలబడ్డరు. వాళ్ల సందుల నుంచి అవ్వ మొఖం ఒక్కపారి కనపడింది. పిలువలేదు. నన్ను చూసింది, అంతే. రైలు పోయింది.

నేను భయపడ్డ మాట నిజమే. కాని ఇప్పుడు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది భయం కాదు, ఆ ప్లాట్‌ఫాం. ఒకాయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ పేపర్ చదువుతుండె. ఒకామె స్తంభానికి ఆనుకోని జడ వేసుకుంటుండె. ఒకడు నేల మీద గాఢంగ నిద్రపోతుండె. నడిచేటోళ్లు వాగుల రాయి చుట్టు నీళ్లు తిరిగినట్టు అతని చుట్టు తిరిగిపోతుండిరి. బోధన్ రద్దీ, నిజామాబాద్ గంజ్ రద్దీ ఎదురుచూసే రద్దీ. మనుషులు ఒక్క జాగల ఉండి ముచ్చట పెట్టుకుంటరు. ఈ రద్దీల ఎవ్వరూ ఉండరు. అందరు పోతనే ఉంటరు. అట్ల చూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డనో నాకు తెల్వదు.

జడ వేసుకున్న ఆమె దగ్గరికి వచ్చి, "ఎక్కడికి పోవాలె?" అని హిందీల అడిగింది. చెప్పిన. ఆమె జాలిపడలేదు, ఆశ్చర్యపోలేదు. "ఎక్కంగనే ముందున్న ఆమెను ఘాట్‌కోపర్‌ల దిగుతవా అని అడుగు. అవునంటే ఆమె వెనకనే నిలబడు. కాదంటే ఆమెను దాటి పో. సంచి ముందుకు పట్టుకో" అని చెప్పి, వచ్చిన రైలెక్కిపోయింది. ఆ ఊరిల నాకు దొరికిన మొదటి పాఠం అది. ఆమె చెప్పినట్టే చేసిన. ఘాట్‌కోపర్‌ల దిగిన.

ప్లాట్‌ఫాం మీద అవ్వ లేదు. చిన్నాయన లేడు. ఇద్దరు కలిసి ఇంటికి పోయి ఉంటరనుకున్న. కార్డు మీది పత్తా చాయ్ కొట్లాయనకు చూపించి, అడుక్కుంటూ గుట్ట ఎక్కిన. ఆ గుట్ట మీద ఇండ్లు ఒకదాని నెత్తి మీద ఒకటి కూసున్నట్టు ఉండె. ఒకరి గడపే ఇంకొకరికి మెట్టు. నల్లా దగ్గర బిందెలు వరుసగ పెట్టి ఉన్నయి, వాటి పక్కన మనుషులు లేరు. ఒక తలుపు ముందర ఆగి పేరు అడిగితే లోపలి నుంచి తెలుగు వినపడ్డది. "ఎవరది?"

చిన్నమ్మ నన్ను చూసింది చిన్నప్పుడే. అయినా గుర్తుపట్టింది. చెయ్యి పట్టుకుంది, కాని కండ్లు నా భుజం మీది నుంచి మెట్ల దిక్కు చూస్తుండె.

"అక్క ఏది?"

నేను చెప్పిన. ఆమె గడపల కూసున్నది.

కాసేపటికి చిన్నాయన ఒక్కడే వచ్చిండు. ఘాట్‌కోపర్‌ల దిగి ఆడోళ్ల డబ్బా పొడుగునా ఉరికిండట. మేం కనపడకముందే రైలు కదిలితే మళ్ల అదే ఎక్కిండు. ఇద్దరం ముందుకు పోయినమనుకోని కుర్లాల దిగి చూసిండు, దాదర్‌ల చూసిండు. నన్ను ఇంట్ల చూసి గోడకు ఆనుకోని నిలబడ్డడు. చిన్నమ్మ లేచి ఆయనకు నీళ్లిచ్చింది. నీళ్లు తాగి మళ్లీ పోయిండు, రైల్వే పోలీసులకు చెప్తనని.

అవ్వ దగ్గర పత్తా లేదు. కార్డు నా సంచిల ఉన్నది. ఘాట్‌కోపర్ అన్న పేరు, చెల్లె కాన్పుల దవాఖానల ఆయా అన్న మాట, గంతే ఆమెకు ఎరుక.

ఆ పగలంత నేను, చిన్నమ్మ, బిడ్డ ఆ గదిల ఉన్నం. గది మా ఇంటి వంటింటంత. పైన అటక, కింద స్టవ్వు, మధ్యల చీరెతోని కట్టిన ఊయెల. పక్కింటోళ్లు వచ్చి పోతుండిరి. ఒక మరాఠీ ముసలామె నాకు అన్నం పెట్టి, తినేదాక పక్కన కూసున్నది. చిన్నమ్మ తినలేదు. బిడ్డకు పాలిచ్చుకుంటూ, నన్ను చూడకుండ చెప్పుకుంటూ పోయింది.

"మీ అమ్మమ్మ పోయిందని టెలిగ్రాం దవాఖానకు వచ్చింది. నేను గప్పుడు ఇంకో వార్డుకు మారిన. గా కాయితం ఎవరో ఆఫీసుల బల్ల మీద పెట్టి మరిసిండ్రు. నా చేతికొచ్చేసరికి మట్టి అయిపోయింది. ఇది అక్కకు చెప్పుదామనుకున్న. రావొద్దన్నది. ఉత్తరం రాస్తే మా అక్కకు సదువు రాదు, ఎవరితోనన్నా సదివించుకోవాలె. నలుగురి ముందర నా ముచ్చట ఎందుకని రాయలే."

నేను బిడ్డను తీసుకోని ఊయెలల వేసి ఊపిన. ఇంటి ముందర ఎవరి అడుగు వినపడ్డా చిన్నమ్మ మాట ఆపుతుండె. పొద్దు వంగేసరికి పోయి తలుపుల నిలబడ్డది.

దీపాలు పెట్టే యాళ్లకు మెట్ల మీద మరాఠీల ముచ్చట వినపడ్డది. ముందర చిన్నమ్మ పనిచేసే దవాఖాన ఆయా ఒకామె. ఆమె వెనక నెత్తి మీద ఖాళీ గంపతోని ఒక పొడుగాటి ఆడమనిషి. ఆమె వెనక అవ్వ. మూట అట్లనే ఉన్నది. చేతిల రెండు మెంతికూర కట్టలు.

"అక్కా, యాడికి పోయినవే?" అని చిన్నమ్మ ఏడుపు.

"యాడికి పోత? దాదర్‌ల మెంతికూర అమ్మిన" అన్నది అవ్వ. "చేతులు కడుక్కుంట, నీళ్లేవి?"

తర్వాత చెప్పింది. ఘాట్‌కోపర్ ఎప్పుడు వచ్చిందో ఆమెకు తెలువలేదు. దాదర్‌ల డబ్బా సగం ఖాళీ అయితే తను కూడా దిగింది. స్టేషన్ బయట కూరగాయలు అమ్మేటోళ్లు కూసుంటే, గంపల దగ్గర కూసునుడు అలవాటైన మనిషి గనక, పోయి వాళ్ల పక్కన కూసున్నది. ఏ ఊరని ఆ పొడుగామె అడిగింది. ఆమెది బిలోలి దిక్కు. ధర్మాబాద్ సంత ఆమెకు ఎరుకే. ఇంటికి పోయేటప్పుడు ఘాట్‌కోపర్‌ల దిగి నిన్ను అప్పజెప్త అన్నది. సాయంత్రం ఇద్దరు కాన్పుల దవాఖాన అడుక్కుంటూ పోయి, అక్కడ ఆ ఆయాను పట్టుకున్నరట.

"గప్పుడే తోల్కరాకపోయిందా?" అని, అప్పుడే పోలీసుల దగ్గరి నుంచి తిరిగొచ్చిన చిన్నాయన నన్ను హిందీల అడిగితే నేను అవ్వకు తెలుగు చేసి చెప్పిన.

అవ్వ వింతగ చూసింది. "గంపెడు కూర ఇడిసిపెట్టి నాతోని ఎట్లొస్తది? ఎండితే ఎవరు కొంటరు? ఊకె కూసునుడెందుకని నేను కట్టలు కట్టిన, నీళ్లు చల్లిన."

పొడుగామె చాయ్ తాగి, బిడ్డను చూసి పోయింది. అవ్వ డబ్బాల నుంచి గరిజెలు తీసి ఆమె గంపల పెట్టింది.

మరునాడు పొద్దున అవ్వ కాళ్లు చాపుకోని బిడ్డకు స్నానం పోస్తుండె. చిన్నమ్మ పక్కన నీళ్లు అందిస్తుండె. నేను అటక మీద పండుకోని ఉన్న. కింది మాట స్పష్టంగ వినపడుతుండె.

"నిన్న పొద్దంత ఒక్కటే ఆలోచన" అన్నది అవ్వ. "నేను ఈడున్న అని నీకు కబురు చెప్పాలె. ఊర్లె ఇన్ని వేల మంది నా ముందరికెల్లి పోతున్నరు. ఒక్కరు కూడా నీకు చెప్పేటోళ్లు కాదు. కబురు అందకపోవుడంటే గిట్లుంటదా అనుకున్న."

చిన్నమ్మ ఇంకో చెంబు ముంచి అందించింది. "నీళ్లు వేడి ఎక్కువున్నయా?" అన్నది.

"సరిపోయినయ్. బిడ్డ మెడ పట్టుకో."

అమ్మమ్మ మట్టి ముచ్చట వాళ్లు మళ్ల ఎత్తంగ నేను వినలేదు. టెలిగ్రాం సంగతి చిన్నమ్మ అవ్వకు చెప్పిందో లేదో ఇప్పటికీ నాకు తెల్వదు. నేను చెప్పలేదు.

పిల్లను భయం లేకుండ ఎత్తుకోనొచ్చేదాక అవ్వ ఉన్నది. రెండో వారం నుంచి బిడ్డ నిద్రపోయిన యాళ్ల చూసి అవ్వ దాదర్ పోవుడు మొదలుపెట్టింది, ఆ పొడుగామె గంప దగ్గరికి. ఒక్కతే పోయి ఒక్కతే వచ్చేది. ఘాట్‌కోపర్ ముందు వచ్చే స్టేషన్ గోడ మీద ఏ రంగు బొమ్మ ఉన్నదో గుర్తు పెట్టుకున్నది. చిన్నాయన వద్దన్నడు, భయపడ్డడు, ఆఖరుకు ఊకున్నడు.

నేను మాత్రం ఆ ఊరిని చూడాలనే వచ్చి, ఎక్కువ చూసింది ఆ గదినే. ఒక ఆదివారం చర్చి అయినంక చిన్నాయన సముద్రం చూపిస్తనని తీసుకపోయిండు. నీళ్ల దగ్గరికి పోయేసరికి మా ముందర అయిదారు వరుసల మనుషులు. సందుల నుంచి కనపడ్డ సముద్రం మసక రంగుల, పలచగ ఉండె. వానాకాలం కందకుర్తిల గోదారి, మంజీర కలిసే చోట ఇంతకన్న ఎక్కువ నీళ్లున్నట్టు నాకు అనిపించింది. ఆ మాట చెప్తే చిన్నాయన నొచ్చుకుంటడని, "చాన పెద్దగున్నది" అన్న. ఆయన సంతోషపడ్డడు. శనగలు కొనిచ్చిండు. పొట్లం విప్పేలోపల ఒకడు నన్ను ఒరుసుకోని పోతే సగం శనగలు ఇసుకల పడ్డయి.

తిరిగి వచ్చినంక బోధన్‌ల అందరు నన్నే అడిగిండ్రు బొంబాయి ఎట్లున్నదని. బిల్డింగుల గురించి చెప్పిన, లోకల్ రైలు గురించి చెప్పిన. ఠాణే ప్లాట్‌ఫాం మీద పండుకున్న మనిషి గురించి చెప్తే ఎవ్వరికీ పట్టలేదు. అవ్వను అడిగితే, "మన లెక్కనే ఉన్నరు. గని తొందరెక్కువ" అన్నది. బాపు ఒక్కడే ఇంకొక ప్రశ్న అడిగిండు. "చెల్లె ఎట్లున్నది?" "మంచిగనే ఉన్నది. చిక్కింది" అని అవ్వ పొయ్యి ఊదింది.

తర్వాత నేను నిజామాబాద్‌ల టీచర్ ట్రైనింగ్ చేసి, అక్కడనే ఒక బడిల చేరిన. ఆ ఊరు క్రమంగ పెరుగుతుంటే చూసిన. బస్టాండు దగ్గర మనుషులు నిలబడి ముచ్చట పెట్టుకునే జాగలు తగ్గినయి. పెద్ద పట్టాలు పడ్డయి. బొంబాయికి మళ్లీ పోయే పని నాకు పడలేదు, పోవాలని కూడా అనిపించలేదు. చిన్నమ్మ మాత్రం ఏటా ఎండాకాలం సెలవుల బిడ్డను తీసుకోని వచ్చేది.

ఒక ఏడాది ఆమెకు పెద్ద ఆపరేషన్ అన్నరు. అవ్వ పోత అన్నది. నాకు పరీక్షల డ్యూటీ. బాపుకు మోకాళ్ల నొప్పులు. ఒక్కదాన్ని పంపుడెట్లా అని మేమిద్దరం అనుకుంటుంటే అవ్వ మూట కట్టుకోని గడపల కూసున్నది.

నిజామాబాద్ స్టేషన్‌కు నేనే తీసుకపోయిన. రైలు వచ్చే ముందు కాయితం మీద పత్తా రాసి ఆమె చేతిల పెట్టిన. రైకెల పెట్టుకున్నది, చూడలేదు. "నాకు సదువొస్తదా?" అన్నది.

"ఎవరికన్నా చూపించు."

"చూపిస్త."

రైలు ఆగింది. ఆడోళ్ల డబ్బాల దిగేటోళ్లు దిగుతుండిరి. అవ్వ పక్కకు జరిగి వాళ్లను పోనిచ్చింది. తర్వాత మూట ముందుకు పట్టుకోని ఎక్కి, తలుపు దగ్గర నిలబడ్డ ఒకామెను, "యాడ దిగుతవ్ బిడ్డా?" అని అడుగుతుండె.